బండి మనదే – చోటు ఎవరిది?

(పొదుపు సంఘాల మహిళల సమావేశంలో ఒక టిఫిన్ బండి అక్క చేసిన ప్రసంగం)

అమ్మల్లారా, అక్కల్లారా, చెల్లెళ్లారా!

మైకు ముందు నిలబడటం నాకు అలవాటు లేదు. పెనం ముందు నిలబడటం అలవాటు. 20 ఏళ్లకు పైగా టిఫిన్ బండి నడిపాను. పొద్దున ఇడ్లీ, దోశ. సాయంత్రం పునుగులు, మిరపకాయ బజ్జీలు.

మీ సంఘంలో నలుగురు కలిసి బండి పెట్టాలనుకుంటున్నారట. వాళ్లకు రెండు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. పల్లీ చట్నీ ఎలా చెయ్యాలో నేను మీకు చెప్పనక్కర్లేదు. మీరే నాకు చెప్పగలరు. అందుకని వంట గురించి మాట్లాడను. బండి నిలబడే చోటు గురించి మాట్లాడతాను. ఎందుకంటే, నా బండి చెడింది వంట వల్ల కాదు. చోటు వల్ల.

నా బండి పోయిన రోజు

అది 2009వ సంవత్సరం. అప్పటికి నాకు చదువు రాదు. ఒకరోజు పొద్దున 9 గంటలప్పుడు లారీ వచ్చింది. నలుగురు దిగారు. "రోడ్డు మీద బండి పెట్టకూడదు" అన్నారు. పొయ్యి ఆర్పేంత సేపు ఆగారు. అంతే. బండి, సిలిండరు, స్టవ్వు, పెనం, ఇడ్లీ రేకులు అన్నీ లారీ ఎక్కించారు.

మూడు రోజులు ఆఫీసు చుట్టూ తిరిగాను. ఇంట్లో రుబ్బిన పిండి పులిసిపోతే పారబోశాను. నాలుగో రోజు జరిమానా కట్టించుకున్నారు. ఒక కాగితం నా ముందు పెట్టారు. "వేలిముద్ర వెయ్యి" అన్నారు. వేశాను.

లోపలికి వెళ్లి చూశాను. బండికి ఒక చక్రం లేదు. పెనం లేదు. ఇడ్లీ రేకులు లేవు. సిలిండరు లేదు. ఇదేమిటయ్యా అని అడిగాను. వాళ్లు ఆ కాగితమే చూపించారు. "సామాను అంతా సరిగ్గా ముట్టింది" అని అందులో రాసి ఉందట. కింద నా బొటనవేలి ముద్ర ఉంది.

బండి ఎత్తుకెళ్లినప్పుడు నేను ఏడవలేదు. ఆ కాగితం చూసి ఏడ్చాను. ముద్ర నాదే. మాట నాది కాదు.

ఆ ఏడాదే రాత్రి బడిలో చేరాను.

చదవడం వచ్చాక నాకు ఒక సంగతి తెలుసుకోవాలనిపించింది. తిండి బండ్లు అన్ని ఊళ్లలోనూ ఉన్నాయి కదా. అక్కడి వాళ్లు ఎలా నిలబడ్డారు? హైదరాబాదు, అహ్మదాబాదు నేనే వెళ్లి చూశాను. ఇండోరు, సింగపూరు గురించి చదివాను. అమెరికాలో మా అక్క కొడుకు ఉన్నాడు. అక్కడి సంగతులు వాడు ఫోనులో చెప్పాడు.

ఏ ఊరి గురించి విన్నా నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. మీరూ గుర్తుపెట్టుకోండి.

1. బండికి చోటు ఎవరిచ్చారు?
2. నీళ్లు, చెత్త సంగతి ఎవరు చూస్తున్నారు?
3. కాగితం ఎవరి పేరున ఉంది?

హైదరాబాదు

హైదరాబాదులో బండి లేని వీధి లేదు. నాంపల్లి వైపు తెల్లవారుజామున 3 గంటలకే దోశ బండి చుట్టూ జనం ఉంటారు. రాత్రి డ్యూటీ దిగినవాళ్లు, రైలు దిగినవాళ్లు అక్కడే తింటారు. మాదాపూరు వైపు వెళ్తే మధ్యాహ్నం భోజనం బండ్లు. కంప్యూటరు ఆఫీసుల పిల్లలు వరుసకట్టి నిలబడతారు.

ఆ మాదాపూరు వైపే కుమారి ఆంటీ బండి ఉంది. మీరంతా ఆమె పేరు వినే ఉంటారు. మన కృష్ణా జిల్లా గుడివాడ నుంచి వెళ్లిన మనిషి. అన్నం, కూరలు వండి అమ్ముతుంది. ఆమె వీడియోలు ఫోన్లలో తిరిగాయి. జనం విరగబడి వచ్చారు. రోడ్డు నిండిపోయింది. 2024 జనవరి చివర్లో, ట్రాఫిక్కు అడ్డం అని పోలీసులు ఆమె బండి ఆపించారు. అది టీవీల్లో వచ్చింది. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారి దాకా వెళ్లింది. ఆమెను అక్కడే వ్యాపారం చేసుకోనివ్వమని ఆయన చెప్పారు. బండి మళ్లీ తెరుచుకుంది.

నాకు సంతోషం వేసింది. ఆడమనిషి కష్టం నిలబడింది కదా. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆమెకు ముఖ్యమంత్రి మాట అందింది. నా బండి పోయినప్పుడు ఏ టీవీ వచ్చింది? రేపు మీ బండి పోతే ఎవరు వస్తారు? ముఖ్యమంత్రి ఒక్కరు. బండ్లు లక్షలు. ప్రతి బండికీ ఆయన రాలేరు. ప్రతి బండి దగ్గరికీ రాగలిగేది ఒక్కటే. అది చట్టం. దాని సంగతి చివర్లో చెప్తాను.

అహ్మదాబాదు

గుజరాతులో అహ్మదాబాదు పెద్ద ఊరు. అక్కడ మాణెక్ చౌక్ అని ఒక బజారు ఉంది. పగలు చూస్తే బంగారం అంగళ్లు. రాత్రి ఆ అంగళ్లు మూసేస్తారు. అదే చోట తిండి బండ్లు వచ్చేస్తాయి. పావ్ భాజీ, దోశ, కుల్ఫీ. అర్ధరాత్రి దాటినా జనం ఉంటారు. ఒకే చోటు. పగలు ఒకరికి, రాత్రి ఒకరికి. ఇరుకు ఊళ్లో చోటు లేదంటారు గానీ, మనసుంటే ఇలా సర్దుకోవచ్చు.

అదే బజారులో ఆడవాళ్లు గంపలు పెట్టుకుని కూరగాయలు అమ్ముతారు. వాళ్లనూ తరిమారు. గంపలు లాక్కున్నారు. వాళ్లకు అండగా నిలిచింది సేవా సంఘం. ఇలా భట్ అనే ఆమె 1972లో ఆ సంఘం పెట్టారు. సొంతంగా కష్టపడి బతికే ఆడవాళ్ల సంఘం అది. 1980ల మొదట్లో ఆ కూరగాయల ఆడవాళ్లు సంఘంతో కలిసి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. అమ్ముకునే హక్కు కోసం కొట్లాడారు. ఒక్కొక్కరుగా వెళ్తే కోర్టు మెట్లు ఎక్కగలిగేవారా?

వాళ్ల బ్యాంకు కథ కూడా వినండి. 1974లో ఆ సంఘం ఆడవాళ్లు సొంత బ్యాంకు పెట్టుకున్నారు. 4,000 మంది తలా 10 రూపాయలు వేశారు. అయితే బ్యాంకు నమోదు చెయ్యాలంటే సంతకాలు కావాలి. మొదటి సభ్యుల్లో చాలామందికి సంతకం రాదు. రాత్రంతా కూర్చుని పేరు రాయడం నేర్చుకున్నారట. మర్నాడు సంతకాలు పెట్టారట.

ఈ కథ విన్నప్పుడు నాకు నా రాత్రి బడి గుర్తొచ్చింది. మీకు మీ కేంద్రం గుర్తొస్తోందా?

ఇండోరు

ఇప్పుడు ఇండోరు వెళ్దాం. అది మధ్యప్రదేశ్‌లో ఉంది. అక్కడ సరాఫా బజారు ఉంది. అదీ మాణెక్ చౌక్ లాంటిదే. పగలు నగలు, రాత్రి తిండి. మొక్కజొన్న గింజలు కోరి, పాలు పోసి వండే వంటకం ఒకటి అక్కడ పేరు పడింది. పొద్దునపూట ఆ ఊరివాళ్లు అటుకులు, జిలేబీ కలిపి తింటారు. మనకు వింతగా ఉంటుంది. వాళ్లకు మన ఇడ్లీ, కారప్పొడి వింత.

ఇండోరుకు ఇంకో పేరు కూడా ఉంది. దేశంలో శుభ్రమైన ఊళ్లకు కేంద్ర ప్రభుత్వం ర్యాంకులు ఇస్తుంది. 2017 నుంచి చాలా ఏళ్లు వరుసగా ఇండోరే మొదటి స్థానంలో నిలిచింది. తిండి బజార్లు అంత పెద్దవి ఉన్న ఊరు అంత శుభ్రంగా ఉంది. అంటే ఏమిటి? బండ్ల వల్లే ఊరు మురికి అవుతుందనే మాట తప్పు. చెత్త ఎత్తే ఏర్పాటు లేకపోతే ఊరు మురికి అవుతుంది. తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు చెయ్యడం మన పని. దాన్ని రోజూ తీసుకెళ్లడం మున్సిపాలిటీ పని. ఇద్దరూ చేస్తే బండీ ఉంటుంది, శుభ్రమూ ఉంటుంది.

సింగపూరు

సింగపూరు వేరే దేశం. ఒకే ఊరు, అదే దేశం. మన తెలుగువాళ్లు, తమిళులు అక్కడ చాలామంది ఉన్నారు. ఒకప్పుడు అక్కడా వీధుల్లో బండ్లే. నీళ్లకు కుళాయి లేదు. కడిగిన నీళ్లు కాలవలోకి పోయేవి. జబ్బులు వచ్చేవి.

అప్పుడు ఆ ప్రభుత్వం ఏం చేసింది? ముందు లెక్క రాసింది. 1968, 1969 సంవత్సరాల్లో సుమారు 18,000 మంది వీధి వ్యాపారులను నమోదు చేసింది. తర్వాత పెద్ద పెద్ద కప్పులు వేసి తిండి శాలలు కట్టింది. ప్రతి అంగడికీ కుళాయి, కరెంటు, కాలవ ఇచ్చింది. 1971 నుంచి 1986 దాకా 15 ఏళ్లపాటు బండ్లవాళ్లను మెల్లగా వాటిలోకి మార్చింది.

ఇప్పుడు అక్కడ అలాంటి తిండి శాలలు వందకు పైగా ఉన్నాయి. చీనా వంట, మలయా వంట, మన దోశ, అన్నీ ఒకే కప్పు కింద దొరుకుతాయి. 2020 డిసెంబరులో ఐక్యరాజ్య సమితికి చెందిన యునెస్కో దాన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది. మనం తాజ్‌మహల్‌ను వారసత్వం అంటాం. బండి తిండి కూడా వారసత్వమే అని ప్రపంచం ఒప్పుకుంది.

ఒక మాట గమనించండి. బండ్లను రోడ్డు మీంచి తీశారు. కానీ ముందు చోటు చూపించి తీశారు. నా బండిని తీసినప్పుడు లారీ ఒక్కటే చూపించారు.

అమెరికా

అమెరికాలో బండి అంటే తోపుడు బండి ఒక్కటే కాదు. పెద్ద వ్యాను కూడా ఉంటుంది. దాన్ని ఫుడ్ ట్రక్కు అంటారు. లోపలే పొయ్యి, సింకు, ఫ్రిజ్జు. పక్కన కిటికీ తెరిచి అమ్ముతారు. ఇప్పుడు మన విజయవాడ, హైదరాబాదుల్లోనూ అలాంటి వ్యాన్లు కనిపిస్తున్నాయి.

లాస్ ఏంజెలిస్ అనే ఊళ్లో ఈ ట్రక్కులు ఎక్కువ. పక్క దేశం మెక్సికో నుంచి కూలికి వచ్చినవాళ్లు వాటిని నడిపారు. మొక్కజొన్న రొట్టెలో మాంసం పెట్టి ఇస్తారు. దాన్ని టాకో అంటారు. 1974లో ఒకాయన ఐస్‌క్రీమ్ వ్యాను కొని, దాన్ని టాకో బండిగా మార్చాడు. తర్వాత అదే పెద్ద హోటళ్ల వ్యాపారం అయింది.

అక్కడ ఒక నియమం నాకు నచ్చింది. రాత్రి బండి కట్టేశాక ఇంటి ముందు పెట్టుకోకూడదు. దానికోసం కట్టిన షెడ్డుకు తీసుకెళ్లాలి. అక్కడే మురికినీళ్లు వదలాలి. మంచినీళ్లు నింపుకోవాలి. బండి కడగాలి. మన ఊళ్లో పది బండ్లు కలిసి ఇలాంటి చోటు ఒకటి అడిగితే తప్పేముంది?

ఇక న్యూయార్కు. అక్కడ తోపుడు బండ్లు ఎక్కువ. ఒక పార్కు దగ్గర శ్రీలంక నుంచి వెళ్లిన ఒకాయన బండి మీద దోశలు వేశాడు. 2007లో ఆ ఊరి బండ్ల పోటీలో మొదటి బహుమతి ఆయనకే వచ్చింది. మన దోశకు!

అయితే ఆ ఊళ్లో ఒక చిక్కు ఉంది. 1983లో బండ్ల పర్మిట్లను సుమారు 3,000 దగ్గర ఆపేశారు. ఊరు పెరిగింది. వంటవాళ్లు పెరిగారు. పర్మిట్లు పెరగలేదు. ఏం జరిగింది? పాత పర్మిట్లు ఉన్నవాళ్లు బండి నడపకుండా ఇంట్లో కూర్చున్నారు. ఆ కాగితాన్ని దొంగచాటుగా అద్దెకు ఇచ్చారు. ఎండలో, మంచులో నిలబడి వండేవాళ్లు వేల డాలర్లు అద్దె కట్టారు. 2021లో కొత్త చట్టం చేసి మెల్లగా కొత్త లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టారు.

చూశారా? అంత డబ్బున్న ఊళ్లోనూ కష్టం ఒకరిది, కాగితం ఒకరిది. అందుకే మూడో ప్రశ్న మరిచిపోవద్దు. కాగితం ఎవరి పేరున ఉంది?

మన చట్టం ఏం చెప్తోంది?

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మనకూ చట్టం ఉంది. దాని పేరు వీధి వ్యాపారుల చట్టం. 2014 మే 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆంధ్రకూ, తెలంగాణకూ ఇదే చట్టం. అందులో మనకు పనికొచ్చే మాటలు ఇవి.

ప్రతి ఊళ్లో 5 ఏళ్లకు ఒకసారైనా వీధి వ్యాపారుల సర్వే చెయ్యాలి. సర్వేలో ఉన్నవాళ్లకు సర్టిఫికెట్టు, గుర్తింపు కార్డు ఇవ్వాలి. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు.

ఖాళీ చేయించాలన్నా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి.

సామాను తీసుకెళ్తే జాబితా రాసి మనకు ఇవ్వాలి. రుసుము కట్టి అడిగితే, పాడయ్యే సరుకును అదే రోజు ఇవ్వాలి. మిగతా సామానును రెండు పని దినాల్లో ఇవ్వాలి.

టౌన్ వెండింగ్ కమిటీ అని ఒకటి ఉండాలి. ఎక్కడ బండ్లు పెట్టుకోవచ్చు, ఎక్కడ పెట్టకూడదు అనేది చూసే కమిటీ అది. అందులో 100 మందిలో 40 మంది వీధి వ్యాపారులే ఉండాలి. ఆ వ్యాపారుల్లో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి.

మనం చెయ్యాల్సినవీ ఉన్నాయి. సర్టిఫికెట్టు పేరు ఉన్నవాళ్లే, లేదా వాళ్ల ఇంటివాళ్లే వ్యాపారం చెయ్యాలి. దాన్ని అద్దెకు ఇవ్వకూడదు. న్యూయార్కు తప్పు మన దగ్గర జరగకుండా చట్టంలోనే రాశారు. పెట్టకూడదన్న చోట బండి పెట్టకూడదు. మన చోటు మనమే శుభ్రంగా ఉంచాలి.

2009లో ఈ చట్టం లేదు. ఉన్నా నేను చదవలేకపోయేదాన్ని. ఇప్పుడు చట్టం ఉంది. మీకు చదువూ ఉంది. అయినా బండ్లు పోతూనే ఉన్నాయి. ఎందుకంటే చట్టం పుస్తకంలో నిద్రపోతుంది. అడిగేవాళ్లు ఉంటేనే లేస్తుంది. కాబట్టి రేపే మున్సిపాలిటీ ఆఫీసుకు వెళ్లండి. మెప్మా వాళ్లను అడగండి. "మా ఊళ్లో సర్వే ఎప్పుడు జరిగింది? కమిటీలో ఆడవాళ్లు ఎవరున్నారు?" అని అడగండి. ఒక్కరు వెళ్లొద్దు. సంఘంగా వెళ్లండి.

అప్పు సంగతి

బండికి పెట్టుబడి కావాలి. నేను మొదట్లో రోజువారీ ఫైనాన్సు తీసుకున్నాను. 10,000 అప్పు అంటారు. ముందే 1,000 కోసుకుని 9,000 చేతిలో పెడతారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. లెక్క వెయ్యండి. 9,000 తీసుకుని 10,000 కట్టాను. అదీ మూడు నెలల పది రోజుల్లో. వాన పడి బండి పెట్టకపోయినా 100 కట్టాల్సిందే.

2020 జూన్‌లో ప్రధానమంత్రి స్వనిధి పథకం వచ్చింది. వీధి వ్యాపారుల కోసం బ్యాంకు అప్పు. తాకట్టు అక్కర్లేదు. 2025లో దాన్ని మార్చారు. మొదటి అప్పు 15,000 రూపాయల దాకా ఇస్తారు. అది తీరిస్తే 25,000 దాకా. అదీ తీరిస్తే 50,000 దాకా. సకాలంలో కట్టినవాళ్లకు వడ్డీలో 7 శాతం రాయితీ వస్తుంది. 2030 మార్చి 31 దాకా ఈ అప్పులు ఇస్తామన్నారు. దీనికీ ఆ గుర్తింపు కార్డో, సర్టిఫికెట్టో, సిఫారసు ఉత్తరమో కావాలి. చూశారా, మళ్లీ కాగితం దగ్గరికే వచ్చాం.

శుభ్రం మన గౌరవం

చివరగా నాలుగు మాటలు. తాగే నీళ్లకు మూత పెట్టండి. పొడుగు కాడ గరిటెతో ముంచి పొయ్యండి. డబ్బులు తీసుకున్న చేతితో ఇడ్లీ పెట్టకండి. ఇద్దరు ఉంటే ఒకరు డబ్బులు, ఒకరు వంట చూసుకోండి. మాడిన నూనెను మళ్లీ మళ్లీ కాచకండి. ఆహార భద్రత శాఖ దగ్గర బండి పేరు నమోదు చేయించండి.

బజ్జీలను అచ్చు కాగితంలో పెట్టి ఇవ్వకండి. అచ్చు సిరా తిండికి అంటుకుంటుంది. అది ఒంటికి మంచిది కాదు. అలా ఇవ్వకూడదని నియమం కూడా ఉంది. పేపరు ఉన్నది చదువుకోవడానికి. బజ్జీలకు ఆకు ఉంది.

అమ్మల్లారా! నేను పోయిన ఏడు బండి మా కోడలికి అప్పగించాను. సర్టిఫికెట్టు మీద ఆమె పేరు ఎక్కించమని అర్జీ పెట్టాం. ఆ అర్జీ నేనే రాశాను. అక్షరాలు వంకరగా ఉన్నాయి. గుమాస్తా చదివి, "ఎవరు రాశారమ్మా?" అని అడిగాడు. "నేనే" అన్నాను. రసీదు ఇచ్చాడు. ఆ రసీదును నిలబడి మొత్తం చదివాను. వెనక వరుసలో వాళ్లు విసుక్కున్నారు. అయినా చదివాను. తర్వాతే సంతకం పెట్టాను.

మీరు నలుగురూ బండి పెట్టండి. నేను వచ్చి మొదటి దోశ తింటాను. డబ్బులిచ్చే తింటాను. సెలవు.

కలిసి మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో తిండి బండ్లు ఎక్కడెక్కడ ఉన్నాయి? వాటిలో ఆడవాళ్లు నడిపేవి ఎన్ని?
2. బండ్లవాళ్లకు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? చెత్త ఎక్కడికి పోతోంది?
3. మీ వీధిలో బండి నడిపే ఒక అక్కను అడగండి. ఆమెకు గుర్తింపు కార్డు ఉందా? లేకపోతే ఎందుకు లేదు?
4. రోజువారీ ఫైనాన్సు లెక్కను మీరు పలక మీద వేసి చూడండి.